నాలుగు నెలల లెక్క

మా కృష్ణా డెల్టాలో ఒక వాక్యం ఉంది. బందరులో గానీ, గుడివాడలో గానీ, దివిసీమలో ఏ ఊరి టీ కొట్టు దగ్గర గానీ, ఫలానా వాళ్ళ కుక్కకి క్యాన్సరొచ్చిందట, మందులెక్కిస్తున్నారట అని ఎవరైనా అంటే చాలు, ఆ వాక్యం బయటికొస్తుంది: “మనుషులకే దిక్కు లేదు, కుక్కకి కీమోనా?” అన్నవాడికి తనేదో సామాజిక స్పృహ చూపించానన్న తృప్తి. విన్నవాళ్ళకి నవ్వు. కుక్క గలాయన తలొంచుకుంటాడు. చర్చ అక్కడితో సరి.

ఈ వ్యాసం ఆ వాక్యంతో తగువు. అలాగని అవతలి పక్షంతో నాకేమీ రాజీ లేదు. “ఎంతైనా పర్లేదు డాక్టరుగారూ, మా బిడ్డ మాకు దక్కాలి” అనేవాళ్ళతోనూ, వాళ్ళకి ఆశని డబ్బాల్లో పోసి అమ్మేవాళ్ళతోనూ కూడా తగువే. ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి ఎగతాళి చేసుకుంటాయి గానీ చేసే పొరపాటు ఒకటే: ఎవరూ లెక్క చూడరు. రక్తనాళాల క్యాన్సరున్న కుక్కకి కీమో ఇచ్చేది కొన్ని నెలలు. అవి ఎన్ని నెలలు, ఎలాంటి నెలలు, ఎవరి కోసం అని అడక్కుండా ‘దండగ’ అన్నా ‘ప్రాణదానం’ అన్నా రెండూ గాలి మాటలే.

ముందు జబ్బు సంగతి. దీన్ని హీమాంజియోసార్కోమా అంటారు. రక్తనాళాల లోపలి గోడకి అస్తరులా ఉండే కణాల్లో పుడుతుంది. రక్తనాళం ఉన్న ప్రతి చోటా పుట్టగలదు గానీ ఎక్కువగా కనబడేది ప్లీహంలో, గుండె కుడి కర్ణికలో, కాలేయంలో, చర్మంలో. జర్మన్ షెపర్డు, లాబ్రడారు, గోల్డెన్ రిట్రీవరు జాతుల్లో, అదీ ఎనిమిదేళ్ళు దాటిన వయసులో దీని బెడద ఎక్కువ. మన ఊళ్ళలో డాబా ఇల్లు కట్టుకుని, గేటు పెట్టుకుని, ఆ గేటుకో కుక్క కావాలనుకున్న మధ్యతరగతి వాళ్ళు ఏరికోరి కొనుక్కుంటున్నవి సరిగ్గా ఈ జాతులే. అప్పుడు కొన్న పిల్లలు ఇప్పుడు ముసలివయ్యాయి. ‘ఇదివరకు ఎన్నడూ వినని రోగాలు’ అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇది దొంగ జబ్బు. గడ్డ లోపల పెరుగుతున్నా కుక్క తింటుంది, తిరుగుతుంది, కొత్తవాళ్ళొస్తే మొరుగుతుంది. గడ్డలోని నాళాలు పెళుసు కాబట్టి ఒకరోజు ఎక్కడో చిట్లి పొట్టలోకి రక్తం కారుతుంది. పొద్దున బాగున్న కుక్క సాయంత్రానికి ఉన్నచోటే కూలబడుతుంది. చిగుళ్ళు తెల్లగా పాలిపోతాయి. కారింది కొద్ది రక్తమే అయితే ఒళ్ళు దాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది, మర్నాటికి కుక్క లేచి తిరుగుతుంది. మనకా, సాకులకి కొదవ లేదు. రోహిణి కార్తె అయితే ఎండదెబ్బ అంటాం. వానాకాలమైతే పురుగో పుట్రో ముట్టుకుందంటాం. రెండోసారి పడితే ముసలిదైపోయింది అంటాం. మూడోసారి అది లేవదు. ఈ జబ్బుతో పోయే చాలా కుక్కలకి తమకేం జబ్బో పేరు పెట్టేవాళ్ళు కూడా ఉండరు.

ఇక లెక్క. ప్లీహంలో పుట్టిన గడ్డని ఆపరేషన్‌తో తీసేసి ఊరుకుంటే, సగం కుక్కలు ఒకటి నుంచి మూడు నెలల్లో పోతాయి. కారణం, గడ్డ బయటపడే నాటికే దాని కణాలు రక్తంలో కలిసి వేరే చోట్ల విత్తనాలు వేసేసి ఉంటాయి. ఆపరేషను తర్వాత డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందుని రెండు మూడు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరు విడతలు నరానికి ఎక్కిస్తే ఆ మధ్యగీత నాలుగు నుంచి ఆరు నెలలకి జరుగుతుంది. ఏడాది దాటి బతికేవి పదింట ఒకటి, కాస్త అటూ ఇటూ. ఇవి ముఖ్యంగా విదేశాల్లోని పశువైద్య ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా పోగైన లెక్కలు. చర్మం పైపొరలో మాత్రమే పుట్టిన రకం వేరు. దాన్ని పూర్తిగా కోసి తీసేస్తే చాలా కుక్కలు బాగానే ఉంటాయి. లోపలి రకం అలా కాదు.

మధ్యగీత అన్నాను కదా, అక్కడ కాస్త ఆగాలి. రోజూ కంప్యూటరు తెర మీద గ్రాఫులు చూసుకుని బతికే నాలాంటివాళ్ళకి ఇది మామూలు విషయమే గానీ, ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాళ్ళకి కాదు. ‘సగటున అయిదు నెలలు’ అనగానే అందరికీ అయిదు నెలలు రాసిపెట్టి ఉన్నట్టు వినబడుతుంది. దానర్థం అది కాదు. సగం కుక్కలు అంతకంటే ముందే పోతాయి, సగం ఆ తర్వాత పోతాయి. స్టీఫెన్ జే గౌల్డ్ అనే జీవశాస్త్రజ్ఞుడికి 1982లో ఒక అరుదైన క్యాన్సరొస్తే, దానికి మధ్యగీత 8 నెలలని పుస్తకాల్లో చదివి, ఆ గీతకి కుడిపక్క సాగే తోక ఎంత పొడుగుందో చూడమంటూ 1985లో ఒక వ్యాసం రాశాడు. ఆయన 2002 దాకా బతికాడు. క్యాన్సరు కుటుంబాలకి ఈ కథ చెప్పి ధైర్యం చెప్పడం మామూలే. అయితే ఆ వ్యాసాన్ని సరిగ్గా చదివితే అది తోకని కొలవమంటుంది, ఉందని ఊహించుకోమనదు. కుక్కల ప్లీహం క్యాన్సరులో తోక ఉంది, కానీ సన్నం. పదింట ఒకటి. ఆ ఒకటి మన కుక్కే అనుకోవడం మానవ సహజం. అలా అనుకునేలా చేసి సంతకం పెట్టించుకోవడం మాత్రం వ్యాపారం.

ఇప్పుడు మొదటి పక్షంతో తగువు.

“మనుషులకే దిక్కు లేదు” అన్న మాటలో నిజం లేదని ఎవరంటారు? బందరు వాళ్ళు పెద్ద రోగమొస్తే 70 కిలోమీటర్లు బెజవాడకి పరుగెత్తిన రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. బందరుకి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిందే 2023లో. నాగాయలంక, కోడూరు వాళ్ళకి ఆ బందరు కూడా దూరమే. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ వాక్యం చెప్పేది ఇది కాదు. కుక్క మీద పెట్టే డబ్బు మనిషి మీద పెట్టాల్సిందని చెబుతోంది. ఎక్కడ పెడతారండీ? గుడివాడలో ఒకాయన తన షెపర్డుకి మందులు మానేస్తే, మిగిలిన డబ్బు ఆరోగ్యశ్రీ ఖాతాలో జమవుతుందా? అది ఇంట్లోనే ఉంటుంది. ఏసీ అవుతుంది, ఫంక్షన్ హాలు అడ్వాన్సవుతుంది. తన డబ్బుతో ఏం కొనుక్కున్నా నోరెత్తని ఊరు, కుక్కకి నాలుగు నెలలు కొనుక్కుంటే మాత్రం పేదల తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది.

పైగా జంతువుల మీద డబ్బు పెట్టడం మనకేం కొత్త? సంక్రాంతి ముందు నెలల తరబడి పందెం పుంజుకి బాదంపప్పులు పెట్టి, ఈత కొట్టించి, ఒళ్ళు కాచి మేపుతాం. బరిలో దాని పేగులు బయటికొస్తే సూదీ దారంతో కుట్టి మళ్ళీ దింపేవాళ్ళున్నారు. బండలాగుడు పోటీలకి ఒంగోలు ఎడ్లని లారీలెక్కించి జిల్లాలు దాటిస్తాం, వాటికి పెట్టే దాణా ఖర్చు గర్వంగా చెప్పుకుంటాం. అప్పుడు ఈ వాక్యం ఏ టీ కొట్టు దగ్గరా వినబడదు. పుంజు గెలిపిస్తుంది, ఎద్దు పరువు నిలబెడుతుంది, గేదె పాలిస్తుంది. ముసలి కుక్క ఏమీ ఇవ్వదు. మనం నవ్వేది ఖర్చుని చూసి కాదు, అక్కరకు రాని ప్రాణం మీద పెట్టిన ఖర్చుని చూసి. ఆ మాట అలాగే చెబితే సరిపోతుంది, మధ్యలోకి మనుషుల్ని లాగడం దేనికి?

“అయినా నాలుగు నెలల కోసం ఇంతా?” అనేవాళ్ళకి ఒక పాత కథ. కీమోథెరపీ పుట్టుకలో మన మనిషి చెయ్యుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందుని ల్యుకేమియాతో చనిపోతున్న పిల్లలకిచ్చాడు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఉన్నది 16 మంది పిల్లలు. 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. తగ్గినది కూడా కొన్ని నెలలే, మళ్ళీ తిరగబెట్టింది. పిల్లల్ని హింస పెట్టకుండా ప్రశాంతంగా పోనివ్వమని ఫార్బర్ తోటి వైద్యులే అన్నారు. ఆ కొన్ని నెలల మీదే తర్వాతి మందులన్నీ నిలబడ్డాయి. ఈనాడు మంచి వైద్యం అందేచోట ఆ పిల్లల్లో నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు. కుక్కా పిల్లాడూ ఒకటని నేననడం లేదు. ‘నెలలే కదా’ అన్న ఎగతాళికి వయసెంతో చెబుతున్నానంతే.

ఈ పోలికని ఇంతకంటే సాగదీస్తే నేనూ ఆశ అమ్మేవాళ్ళ జట్టులో చేరతాను. పిల్లల ల్యుకేమియా లెక్క మారినట్టు కుక్కల హీమాంజియోసార్కోమా లెక్క మారలేదు. డాక్సోరూబిసిన్ వాడకం మొదలైన నాటి నుంచీ ఆ నాలుగు నుంచి ఆరు నెలల గీత ఇంచుమించు అక్కడే ఉంది. దానికి వేరే మందులు కలిపి చూశారు, చిన్న మోతాదుల మాత్రలు రోజూ ఇచ్చి చూశారు. గీత పెద్దగా కదల్లేదు.

అందుకే రెండో పక్షంతో తగువు.

వీళ్ళ భాష వేరు. కుక్క ‘ఫైటర్’ అంటారు. ‘పోరాడుతోంది’ అంటారు. కుక్క ఏ పోరాటమూ చెయ్యడం లేదండీ. దానికి జబ్బుందని తెలీదు, గడువుందని తెలీదు. క్యాన్సరొచ్చిన మనిషి వాంతులూ నీరసమూ భరించడానికి ఒప్పుకుంటాడంటే, ముందర కూతురి పెళ్ళుంది, కొడుకు చదువుంది, రాయాల్సిన వీలునామా ఉంది. ఇవాళ్టి బాధని రేపటి కోసం కట్టే వాయిదాగా చూడగలడు. కుక్కకి రేపు అన్నది లేదు. దానికి ఇవాళ బాధగా ఉంటే బాధే, అంతే. దానికి బదులు వచ్చేదేమీ దానికి తెలిసే దారి లేదు. కాబట్టి ఆ నెలలు కొనేది మన కోసం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పదేళ్ళు ఇంట్లో తిరిగిన ప్రాణాన్ని ఒక్క సాయంత్రంలో వదులుకోలేక కాస్త గడువు అడుక్కోవడం మనుషులు చేసే పనే. కానీ ‘దాని కోసం చేస్తున్నాం’ అని మనకి మనం చెప్పుకుంటే, ఎక్కడ ఆపాలో తెలీకుండా పోతుంది.

మంచి సంగతేమిటంటే, కుక్కల కీమోని ఈ దృష్టితోనే రూపొందించారు. మనుషుల్లో లక్ష్యం వీలైతే జబ్బుని నిర్మూలించడం, దానికోసం ఒళ్ళు తట్టుకునేంత మందు ఎక్కిస్తారు. కుక్కల్లో లక్ష్యం ఉన్న రోజులు బాగుండటం, అందుకే మోతాదు తక్కువ. 30 కిలోల లాబ్రడారుకి ఒక విడతకి ఎక్కించేది సుమారు 30 మిల్లీగ్రాములు. చాలా కుక్కలకి జుట్టు రాలదు, పూడిల్ లాంటి ఎడతెగక జుట్టు పెరిగే జాతులకే ఆ సమస్య. కొన్నిటికి ఒకట్రెండు రోజులు వాంతులు, విరేచనాలు. వారం పది రోజులకి తెల్ల రక్తకణాలు తగ్గే సమయం ఒకటుంటుంది, అప్పుడు జ్వరం కనిపెట్టుకోవాలి. సినిమాల్లో చూసిన బోడిగుండు కీమోని గుర్తు తెచ్చుకుని “మూగజీవాన్ని హింసిస్తున్నారు” అనేవాళ్ళు ఇక్కడ తప్పు.

కానీ ఇది ఆటలాడుకునే మందు కూడా కాదు. నరం పక్కకి ఒక్క చుక్క కారినా అక్కడి కండ కుళ్ళుతుంది. విడతలు పెరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతింటుంది కాబట్టి మొత్తం ఎంత ఎక్కించాలో దానికి హద్దుంది, గుండె పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు. మందెక్కిన కొన్ని రోజులు కుక్క మూత్రం, మలం చేతి తొడుగుల్లేకుండా ఎత్తకూడదు. గర్భిణులు అటు పోనే కూడదు. ఇవన్నీ చెప్పకుండా సెలైన్ బాటిల్ తగిలించే చోటికి కుక్కని తీసుకెళ్ళడం కంటే ఇంట్లో ఉంచుకోవడం నయం.

ఇక డబ్బాల వ్యాపారం. పుట్టగొడుగుల పొడి అట, చైనా మూలికలట, క్యాన్సరుని కరిగిస్తాయట. ‘టర్కీ టెయిల్’ అనే పుట్టగొడుగు సారం మీద 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 15 కుక్కలతో ఒక చిన్న అధ్యయనం చేశారు. ఆశాజనకంగా కనబడింది. దాన్ని పట్టుకుని ప్రపంచమంతా పొడులమ్మారు. తర్వాత ఎక్కువ కుక్కలతో సరిగ్గా పోల్చి చూస్తే, ఆ పొడి ఒక్కటే ఇస్తే కీమోని మించి ఒరిగిందేమీ కనబడలేదు. మొదటి వార్త అమ్మకానికి పనికొచ్చింది, రెండోది ఎవరికీ పనికిరాలేదు.

రెండు పక్షాలకీ కలిపి ఒక మాట చెప్పాలి, ఇది మా డెల్టాలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. ప్లీహంలో గడ్డ కనబడ్డ కుక్కల్లో సుమారు మూడో వంతు వాటికి ఉన్నది క్యాన్సరే కాదు. గడ్డకట్టిన రక్తమో, నిరపాయకరమైన పెరుగుదలో అయ్యుంటుంది. గడ్డ చిట్లి రక్తం కారుతుంటే క్యాన్సరు అనుమానం పెరిగే మాట నిజమే, అయినా అది అనుమానమే. స్కానింగు తెర మీద చూసి ఏది ఏదో తేల్చడం కుదరదు. తీసిన ప్లీహం ముక్కని పాథాలజీ పరీక్షకి పంపాల్సిందే. “గడ్డ కనబడింది, క్యాన్సరే, లాభం లేదు” అని పంపించేసిన మూడు కుక్కల్లో ఒకటి ఒక్క ఆపరేషన్‌తో ఏళ్ళు బతికేదేమో. అలాగే ముక్కని పరీక్షకి పంపకుండా కీమో మొదలెట్టే చోట, లేని జబ్బుకి మందెక్కుతూ ఉండొచ్చు. వెటకారం చేసేవాడూ, ఆశ పెంచుకునేవాడూ ఇద్దరూ దాటేసే మెట్టు ఇదే.

గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998 నుంచి ఉంది. గుడివాడ నుంచి గంట ప్రయాణం. దివిసీమ నుంచి అయితే పొట్టలో రక్తం కారుతున్న కుక్కని బస్సులో ఎవరెక్కించుకుంటారు, కారు మాట్లాడుకోవాల్సిందే, వాడు సీటు మీద దుప్పటి పరవమంటాడు. మన మండలాల్లో పశువుల డాక్టర్లు పగలంతా గేదెల ఈతలూ, గొంతువాపు టీకాలూ, గాలికుంటు టీకాలూ చూసుకునేవాళ్ళు. 2022 నుంచి 1962 నంబరుకి ఫోన్ చేస్తే ఊళ్ళోకి పశువుల అంబులెన్సొస్తోంది, మంచిదే, కానీ దాని పని ప్లీహం తీయడం కాదు. మన పశువైద్యం అంతా పాలిచ్చే ప్రాణం చుట్టూ కట్టింది. అందులో తప్పు పట్టను, డెల్టా బతికేది పాడి మీద. కానీ ఊరికి ఒక షెపర్డు ఉన్న రోజుల్లో కట్టిన ఏర్పాటు, వీధికి నాలుగున్న రోజుల్లో చాలదు. ప్రతి ఊళ్ళో కీమో అడగడం అత్యాశ. ముక్క పరీక్షకి వెళ్ళే దారి, నెత్తురు తగ్గిందని చిగుళ్ళు చూసి చెప్పే అలవాటు, నిజం లెక్క చెప్పే నోరు ఉంటే చాలు. వీటికి పెద్ద యంత్రాలక్కర్లేదు.

ఆ నిజంలో ఇంకో ముక్క కూడా ఉండాలి. సూది. బాధ తెలీకుండా పోనిచ్చే సూది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే బాగుపడే ఆశ లేక బాధపడుతున్న జంతువుని ఆ విధంగా పోనివ్వడానికి దారి ఉంచింది. మన దగ్గర ఆ మాటెత్తితే “చేతులారా చంపుతామా, పాపం కదూ” అంటారు. కీమో ఇప్పిస్తామంటే నవ్వుతారు, సూది వేయిస్తామంటే చెంపలేసుకుంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. చివరికి ఆ కుక్కని గేదెల పాకలో ఒక మూలన గోనె మీద పడేసి, మూడు రోజులు ఎగశ్వాస పడుతుంటే దూరం నుంచి చూసి, ‘దాని రాత’ అంటారు. ఉన్న దారుల్లో అత్యంత క్రూరమైనది ఇదే. దీనికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే ఇందులో ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

అసలు చిక్కెక్కడుందో మన భాషలోనే తెలుస్తుంది. ‘కుక్కచావు’ మనకి తిట్టు. ‘కుక్క బతుకు’ కూడా తిట్టే. దీనికి విరుగుడుగా మర్యాదస్తులు వాడే మాట ‘విశ్వాసం’. అంటే కుక్క అయితే తిట్టు, లేకపోతే నీతిపాఠం. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. కుక్కలకి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడంటే, నమ్మి వచ్చినదాన్ని వదిలిపెట్టి నాకు స్వర్గమొద్దన్నాడు. మన సాహిత్యంలో కుక్క కోసం ఇంత గొప్ప మాట అన్నవాడు ఇంకొకడు లేడు. కానీ వెంటనే ఏమవుతుంది? ఆ కుక్క యమధర్మరాజుగా మారిపోతుంది. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ హమ్మయ్య అనుకుంటారు, వట్టి కుక్క కోసం కాదన్నమాట! నాకు ఆ మలుపు దగ్గరే పేచీ. అది కుక్కగానే మిగిలుంటే ధర్మరాజు మాటకి ఇంకా బరువుండేది. ‘మా బిడ్డ’ అనే నేటి పట్నం భాష కూడా అదే మలుపు తిప్పుతోంది. దేవుణ్ణి చేస్తే గానీ, బిడ్డని చేస్తే గానీ మనకి కుక్క మీద ఖర్చు పెట్టడం చేతకాదు. కుక్కని కుక్కలా చూస్తే ప్రశ్నలు చాలా మామూలువి: ఇవాళ తనంత తనే లేచి గేటుదాకా వెళ్ళిందా? పెరుగన్నం ముట్టిందా? బండి చప్పుడికి తోకాడించిందా? రోజూ కాలెండరు మీద మంచి రోజుకో గుర్తు, చెడ్డ రోజుకో గుర్తు పెట్టుకుంటూ పోతే, చెడ్డవి ఎక్కువైన వారమే ఆపాల్సిన వారం. దానికి ఏ తత్వశాస్త్రమూ అక్కర్లేదు.

ఒకటి మాత్రం కుక్క ప్రేమికుల సంఘాలకి గుచ్చుకునేలా చెప్పాలి. కుక్కల కీమో నిజంగా, పూర్తిగా నయం చేసే క్యాన్సరు ఒకటుంది. అది షెపర్డులకి కాదు, ఎక్కువగా వీధి కుక్కలకొస్తుంది. జంట కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డ. చిత్రమైన జబ్బు: వేల ఏళ్ళ కిందట ఎక్కడో ఒక్క కుక్కలో పుట్టిన క్యాన్సరు కణాలే ఇప్పటికీ ఒంటి నుంచి ఒంటికి పాకుతూ బతుకుతున్నాయి. బందరు బస్టాండు దగ్గరా, గుడివాడ మార్కెట్ దగ్గరా వెనక భాగాన కాలీఫ్లవర్‌లా ఎర్రటి గడ్డతో, నెత్తురోడుతూ తిరిగే కుక్కల్ని చూసి మనం ముక్కు మూసుకునేది దీనికే. దీనికి మందు విన్‌క్రిస్టిన్, వారానికొక సూది. నాలుగు నుంచి ఆరు వారాల్లో పదింట తొమ్మిది కుక్కలకి గడ్డ కరిగిపోతుంది. పోవడమంటే నాలుగు నెలలకి కాదు, పూర్తిగా. 15 కిలోల ఊరకుక్కకి ఒక విడతకి అర మిల్లీగ్రాము కూడా పట్టదు.

ఆ విన్‌క్రిస్టిన్ దేన్నుంచి వస్తుందో తెలుసా? బిళ్లగన్నేరు నుంచి. మడగాస్కర్ నుంచి వచ్చి మన ఇసుక నేలల్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్లగన్నేరు. ఆకులు నూరి పోస్తే పని చెయ్యదు, విషం. శుద్ధి చేసిన మందుని పశువుల డాక్టరే నరానికి ఎక్కించాలి. హీమాంజియోసార్కోమాకి డాక్సోరూబిసిన్‌తో కలిపి ఇచ్చే మందుల్లో కూడా ఇదొకటి. ఒకే సీసా. ఒక చోట ఖరీదైన కుక్కకి కొద్ది నెలలు ఇవ్వడానికి సాయపడుతుంది, ఇంకో చోట ఎవరికీ చెందని కుక్కకి మొత్తం బతుకు ఇవ్వగలదు. మొదటిదాని గురించి అందరూ వాదించుకుంటున్నారు. రెండోదాని గురించి ఎవరికీ పట్టదు, ఎందుకంటే దానికి గేటు లేదు.

కాబట్టి షెపర్డుకి కీమో ఇప్పిస్తున్నాయన్ని ఎగతాళి చేయొద్దు. ఆయనకి డాక్టరు నిజం లెక్క చెప్పాడో లేదో కనుక్కోండి. ముక్క పరీక్ష అయిందా, గుండె చూశారా, ఎప్పుడు ఆపుదామనుకుంటున్నారు, ఈ మూడూ అడగండి. సమాధానాలు సరిగ్గా ఉంటే ఆ నాలుగు నెలలు ఆయనవీ ఆయన కుక్కవీ, మధ్యలో మనకేం పని లేదు. ఆ తర్వాత కూడా మీకు మనుషుల మీదా మూగజీవాల మీదా దయ పొంగుతూ ఉంటే, బస్టాండు దగ్గర నెత్తురోడుతున్న ఆ కుక్కని వలేసి పట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వారానికొక్కసారి. ఆరు వారాలు.